స్పెయిన్‌లో సందడి లేని పల్లె: కలతన్యథోర్ ఎలా వెళ్లాలి?

పాలకొండ కుర్రోడు:
అమ్మానాన్నలతో స్పెయిన్ వెళ్తున్నాం. బార్సిలోనా రద్దీ వద్దు. సోరియా ప్రాంతంలో కలతన్యథోర్ అనే చిన్న ఊరు చూడాలనుంది. బస్సుంటాదా, కారు తీసుకోవాలా? నాన్నగారు మాంసం ముట్టరు, గుడ్డు తింటారు. అక్కడ ఏటి దొరుకుతాది?

బొబ్బిలి బాటసారి:
కారే మేలండి. మాడ్రిడ్ నుంచి సోరియాకి బస్సులున్నాయి. అక్కడి నుంచి పడమరగా ఇంకో 30 కి.మీ. ఉంటాది, ఇబ్బందంతా ఆ చివరి ముక్కకే. మన లైసెన్సుతో పాటు ఐడీపీ (అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్) కావాలి. దానికి రవాణా ఆఫీసులో పాస్‌పోర్టు అడుగుతారు, 2022 నుంచి వీసా చూపించక్కర్లేదు. వీసా పని కూడా ముందే చూడండి. షెంజెన్ (స్పెయిన్‌తో సహా యూరప్ దేశాల ఉమ్మడి వీసా) దరఖాస్తు ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి పెట్టొచ్చు, 15 రోజుల ముందైనా పెట్టేయాలి. 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. ఆటోమేటిక్ కార్లు తక్కువ, ముందే బుక్ చేసుకోండి.

రాజాం వంటిల్లు:
తిండి దగ్గరే జాగ్రత్త. వెల్లుల్లి సూపులో, పప్పులో కూడా పంది మాంసం ముక్కలేస్తారు. అందుకే "సిన్ కార్నే, సిన్ హమోన్, సిన్ పెస్కాదో" (మాంసం, పంది హామ్, చేప లేకుండా) అని మూడూ చెప్పాలి. బంగాళాదుంపల తోర్తియ్యా (మందపాటి ఆమ్లెట్) నాన్నగారికి సరిపోతాది, మామూలుగా అందులో దుంపలు, గుడ్డు, ఉల్లే ఉంటాయి. భోజనం వేళ 2 నుంచి 4. పన్నెండున్నరకి వెళ్తే వంట మొదలవదు. ఆదివారం కొట్లు మూత. బియ్యం, పెరుగు సోరియాలోనే కొనేసి, వంటగది ఉన్న ఇల్లు అద్దెకు తీసుకోండి.

పలాస:
వీధి రాళ్లబాట, ఏటవాలు. కారు ఊరి కింద ఆపి నడవాలి, పెద్దాళ్లకి జారని బూట్లు ఉండాలి. వెయ్యి మీటర్ల ఎత్తు కదా, మే రాత్రుల్లోనూ స్వెటర్ కావాలి. పక్కనున్న సబీనా చెట్ల వనం తప్పక చూడండి. చలికాలంలో వేట బోర్డు కనిపిస్తే మాత్రం ఆ బాట వదిలేయండి. కుళాయి మీద "నో పోతాబ్లే" అని ఉంటే ఆ నీళ్లు తాగొద్దు.