ఊరి నుంచి ఇంటికి రాగానే మీరు మొదట చేసే పని ఏమిటి?

తుంగభద్ర బాట

ఈ చర్చావేదికలో అందరికీ నమస్కారం. బియ్యం మిల్లుల్లో సార్టెక్స్ యంత్రాలు బాగుచేసే పని నాది. రంగు మారిన గింజను కెమెరా కన్నుతో పట్టి, గాలి ఊది పక్కకు తోసే యంత్రాలు అవి. పంతొమ్మిదేళ్లుగా నెలలో పదిహేను, ఇరవై రోజులు బయటే ఉంటున్నాను. మిర్యాలగూడ, తాడేపల్లిగూడెం, గంగావతి, రాయపూర్. కోతలు అయ్యాక మిల్లులు రాత్రింబవళ్లు ఆడతాయి కనుక ఆ రోజుల్లో మా ఉయ్యూరు ముఖం చూడడమే అరుదు.

ఈ తిరుగుడు నాకు ఇష్టం, దాచుకోవలసింది ఏమీ లేదు. ముఖ్యంగా కర్ణాటకలో గంగావతి వైపు. అక్కడ చాలా ఊళ్ల పేర్ల చివర ‘క్యాంపు’ అని ఉంటుంది. తుంగభద్ర ఆనకట్ట 1953లో పూర్తయి కాలువలకు నీళ్లు వచ్చాక మన కోస్తా జిల్లాల రైతులు వెళ్లి వరి పండించుకుంటూ స్థిరపడ్డ చోట్లు అవి. ఒకసారి ఒక క్యాంపులో మిల్లు యజమాని తల్లి నన్ను ‘ఏ ఊరు బాబూ?’ అని అడిగింది. ఉయ్యూరు అన్నాను. ‘అయితే మన వైపే’ అని లోపలికి వెళ్లి గోంగూర పచ్చడి, వేడి అన్నం తెచ్చి పెట్టింది. ఆవిడ పుట్టింది ఆ క్యాంపులోనే. ఉయ్యూరు ఎన్నడూ చూడలేదు. ఆ ‘మన వైపే’ అన్న మాట కోసం ఎన్ని వందల మైళ్లైనా వెళ్తాను.

ఇక ఇంటికి వచ్చానా, మొదట చేసే పని ఒకటే. చొక్కా విప్పి వసారా గచ్చు మీద వెల్లకిలా పడుకుంటాను. దిండు కూడా వద్దు. తవుడు దుమ్ములో, కంప్రెసర్ రొదలో పది రోజులు నిలబడిన నడుముకు ఆ గచ్చు చల్లదనం తగిలితే ప్రాణం లేచి వస్తుంది. అలా పావుగంట. ఆ తరువాతే కాఫీ అయినా, కబుర్లు అయినా.

మీ సంగతి చెప్పండి. బాగా తిరిగేవారు ఇక్కడ చాలామంది ఉన్నారని తెలుసు.

ఎర్రజెండా పచ్చజెండా

బాబూ, నేను కాజీపేటలో రైల్వే గార్డుగా పనిచేసి విరమించినవాణ్ణి. 2022లో ఆ హోదాకు ‘ట్రైన్ మేనేజర్’ అని పేరు మార్చారు కానీ నేను గార్డుగానే దిగాను.

గూడ్సు బండికి వేళంటూ ఉండదు. బల్లార్షా వెళ్లి రావడానికి ఒక్కోసారి ఒక రోజు, ఒక్కోసారి రెండు. మా రోజుల్లో రన్నింగ్ రూముకు, అంటే బండి దిగిన సిబ్బంది విశ్రాంతి తీసుకునే చోటుకు, సరుకు మనమే పట్టుకెళ్లేవాళ్లం. మా ఆవిడ పాత పంచె ముక్కలో రెండు గిద్దల బియ్యం ఒక ముడి, కందిపప్పు ఒక ముడి, చింతపండు ఉండ, నాలుగు ఎండుమిరపకాయలు వేసి మూట కట్టేది. అక్కడి వంటమనిషికి ఇస్తే ఎవరి సరుకు వారికి వేరుగా వండి పెట్టేవాడు. బియ్యం అవే, పప్పు అదే, చింతపండు అదే. రుచి మాత్రం మా ఇంటిది కాదు. ముప్పై ఏళ్లకు పైగా తిన్నాను, ఒక్కనాడు కూడా కాలేదు.

అయినా బండి వెనక పెట్టెలో ఒంటరిగా కూర్చుని మంచిర్యాల దాటాక గోదావరి మీద తెల్లవారడం చూసినవాడికి ఉద్యోగం మీద కోపం నిలవదు. సింగరేణి బొగ్గు పెట్టెలు యాభై పైగా ముందు వంపు తిరుగుతుంటే, చివర నేనొక్కణ్ణే మనిషిని.

ఇంటికి రాగానే లైన్ బాక్సు గుమ్మం పక్కన దించేవాణ్ణి. జెండాలు, దీపం, పొగమంచులో పట్టాల మీద పెట్టే టపాకులు ఉండే ఇనుప పెట్టె అది. దాని చప్పుడు వినగానే లోపలి నుంచి ‘నీళ్లు కాగాయి’ అని కేక వచ్చేది. బండి ఏ వేళకు వచ్చినా నీళ్లు ఎలా కాగి ఉండేవో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

గండికోట గాలి

నాకు ఇరవై ఆరేళ్లు. బైకు మీద తిరుగుతాను. పెన్నా లోయ అంచున రాయి మీద కూర్చుని సూర్యోదయం చూస్తే తిరిగి రావాలని అనిపించదు, నిజం చెబుతున్నాను. ఇంటికి రాగానే చేసే మొదటి పని బైకు గొలుసుకు నూనె వేయడం. మళ్లీ వెళ్లాలి కదా.

ఎర్రజెండా పచ్చజెండా

వెళ్లు నాయనా. ఈ వయసులో కాకపోతే ఎప్పుడు? రాత్రిపూట లారీల వెనక మాత్రం జాగ్రత్త.

కళింగ తీరం

మాది శ్రీకాకుళం జిల్లాలో సముద్రం ఒడ్డు ఊరు. ఇక్కడ అందరూ రాస్తున్నది చదువుతుంటే మా నాన్న గుర్తొచ్చాడు. ఆయన జీవితమంతా ప్రయాణమే కానీ అందులో ఎంచుకున్నది ఏమీ లేదు. ఏటా ఆగస్టులో గుజరాత్‌లోని వెరావల్‌కు వెళ్లేవాడు. అక్కడి బోట్ల మీద కూలికి వేట. వేసవిలో తిరిగి వచ్చేవాడు. మా ఊరి మగవాళ్లలో సగం మంది అలాగే వెళ్తారు. దీపావళి, సంక్రాంతి అంతా ఆడవాళ్లు, ముసలివాళ్లు, పిల్లలతోనే.

2018లో మా జిల్లాల వాళ్లు వేటలో ఉండగా పాకిస్తాన్ వాళ్లకు చిక్కారు. 2020 జనవరిలో ఇరవై మంది వాఘా దగ్గర సరిహద్దు దాటి ఇటు వచ్చారు. ఆ రోజుల్లో మా నాన్న కూడా వెరావల్‌లోనే ఉన్నాడు. ఫోను మోగితే అమ్మ ముందు నా ముఖం చూసేది, తరువాత ఫోను చూసేది.

మీ ప్రశ్నకు జవాబు చెప్పాలి కదా. నాన్న ఇంటికి రాగానే సంచి అరుగు మీద పడేసి నేరుగా మా ఊరి రేవుకు వెళ్లేవాడు. ఇసుకలో చతికిలబడి అలలు చూస్తూ కూర్చునేవాడు. ‘ఎనిమిది నెలలు సముద్రంలోనే ఉండి వచ్చావు, మళ్లీ సముద్రమేనా’ అని అమ్మ విసుక్కునేది. ‘అది పని. ఇది మన సముద్రం’ అనేవాడు.

జనగామ దారి

కళింగ తీరం అన్నా, మీరు రాసింది చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను.

నేను ఉప్పల్‌లో బట్టలు కుట్టే పని చేస్తాను. అమ్మ జనగామ దగ్గర పల్లెలో ఒంటరిగా ఉంటుంది. ఇదివరకు బతుకమ్మకు, సంక్రాంతికి వెళ్లేదాన్ని. రానూపోనూ ఛార్జీలు లెక్క వేసుకుని ఆగిపోయేదాన్ని. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఛార్జీ లేదు కదా. ఇప్పుడు దాదాపు ప్రతి ఆదివారం వెళ్తున్నాను. ఆధార్ కార్డు చూపిస్తే కండక్టరు సున్నా టికెట్ చింపి ఇస్తాడు. ఆ చీటీలు పారేయకుండా కుట్టుమిషను సొరుగులో దాచాను, కట్ట అయింది. బస్సులో నిలబడే వెళ్లాల్సి వస్తుంది చాలాసార్లు. ఆడవాళ్ల మధ్య నిలబడి వెళ్లడం నాకు కష్టంగా లేదు. నాకు ప్రయాణం అంటే విహారం కాదు, అమ్మ దగ్గర గడిపే ఆరు గంటలు.

వెళ్లగానే మొదటి పని అమ్మ చేస్తుంది. నన్ను గుమ్మంలో కూర్చోబెట్టి తలకు నూనె రాస్తుంది. నాకు నలభై ఒకటి.

తనిఖీ బల్ల

బ్యాంకులో తనిఖీ విభాగంలో పని చేస్తాను. ఒక్కో శాఖలో వారం, పది రోజులు. మదనపల్లె, ఆదోని, భద్రాచలం, పాడేరు అలా నడుస్తోంది. కొత్త ఊళ్లు నాకూ ఇష్టమే. పాడేరు ఘాట్ రోడ్డులో కిటికీ పక్క సీటు దొరికితే ఆ రోజు ఫైళ్లు ఎన్ని ఉన్నా బరువు అనిపించదు. లాడ్జి గది తలుపు లోపల గడియ పెట్టుకున్నాక ఎవరూ నన్ను ఏదీ ఎక్కడుందని అడగరు. ఆ నిశ్శబ్దం నాకు పెద్ద సుఖం. ఇంట్లో దొరకని సుఖం అని రాయడానికి నాకు సంకోచం లేదు.

ఇంటికి రాగానే నేను మొదట చేసే పని సింకులో గిన్నెలు కడగడం. తరువాత ఫ్రిజ్‌లో పాడైన కూర తీసి పారేయడం. తరువాత బట్టలు. నా సంచి విప్పేసరికి రాత్రి పదకొండు.

తుంగభద్ర బాట గారూ, నొచ్చుకోకండి. మీ గచ్చు గురించి చదివి ఒక మాట అడగాలనిపించింది. ఆ పొద్దున దాన్ని తడిగుడ్డతో తుడిచి ఉంచింది ఎవరు? గార్డు గారూ, మీ నీళ్లు వాటంతట అవే కాగలేదు. మీ ఆవిడ బండి కూత విని లేచి పొయ్యి వెలిగించి ఉంటారు. ఇంటి హాయి గురించి మనం ఇంత రాస్తున్నాము, ఆ హాయిని సిద్ధం చేసినవారు ఇక్కడ ఒక్కరూ రాయలేదు.

ఎర్రజెండా పచ్చజెండా

అమ్మా, మీరన్నది నిజం. ఇప్పుడే ఆవిడను అడిగాను. కూత విని కాదట. మా బండి యార్డులోకి వచ్చిందని పక్క క్వార్టరులో ఉండే, పట్టాలు మార్చే పాయింట్స్‌మన్ భార్య గోడ మీద తట్టి చెప్పేదట. ఇన్నేళ్లకు తెలిసింది.

తెనాలి డల్లాస్

నా వయసు డెబ్బై. ఆరు నెలలు డల్లాస్‌లో కూతురి దగ్గర, ఆరు నెలలు తెనాలిలో. అక్కడ నేనే వంట, ఇక్కడా నేనే వంట. కానీ తెనాలి వంటింట్లో చీకట్లో చెయ్యి చాపినా పోపుల పెట్టె చేతికి తగులుతుంది. నాకు ఇల్లంటే అంతే.

తుంగభద్ర బాట

తనిఖీ బల్ల గారూ, నొచ్చుకోలేదు. రెండు రోజులు మాత్రం ఏమి రాయాలో తెలియలేదు. మా ఆవిడకు ఈ చర్చ మొత్తం చదివి వినిపించాను. గచ్చు నేను వచ్చే రోజున రెండుసార్లు తుడుస్తుందట, రెండోసారి పొడిగుడ్డతో, నడుముకు చెమ్మ తగలకూడదని. పంతొమ్మిదేళ్లలో నువ్వు ఏ ఊళ్లు చూశావు అని అడిగాను. తిరుపతి, శ్రీశైలం, చుట్టాల పెళ్లిళ్లు. ఏ ఊరు చూడాలని ఉంది అంటే, ‘ఆ గోంగూర పెట్టిన ఆవిడ ఊరు’ అంది.

వచ్చే నెల గంగావతి పని ఉంది. టికెట్లు రెండు తీశాను.

జనగామ దారి

వెళ్లి వచ్చి తప్పకుండా రాయండి అన్నా. వదిన ఏమన్నారో అది రాయండి.

తుంగభద్ర బాట

(ఐదు వారాల తరువాత)

వెళ్లి వచ్చాము. విజయవాడ నుంచి అమరావతి ఎక్స్‌ప్రెస్‌లో హొస్పేట దాకా. గుంతకల్లు వచ్చేదాకా మా ఆవిడ కిటికీ వదలలేదు. నేను ఎప్పుడూ నిద్రపోయే దారి అది.

మిల్లు పని మూడు రోజులు. ఆ మూడు రోజులు తను క్యాంపులోనే ఉంది. పెద్దావిడ మంచం పట్టింది, అయినా గుర్తుపట్టింది. ఇద్దరూ గోంగూర గురించే మాట్లాడుకున్నారు. ఎర్రకాడ గోంగూరకే పులుపు ఎక్కువని వాళ్లిద్దరి మాటా కలిసింది. నాలుగో రోజు ఆనెగొంది దగ్గర తుంగభద్రలో పుట్టి ఎక్కాము. గుండ్రటి బుట్ట కదా, నీళ్ల మీద తిరుగుతుంటే నా భుజం గట్టిగా పట్టుకుంది, దిగాక ఇంకోసారి ఎక్కుదామంది. హంపిలో విరూపాక్షుడి గుడిలో గోపురం నీడ తలకిందులుగా గోడ మీద పడే చీకటి గది ఉంటుంది. సందులోంచి వచ్చే వెలుగు చేసే పని అది. దాని ముందు చాలాసేపు నిలబడింది. వెనక జనం తొందర చేస్తున్నా కదలలేదు.

ఇంటికి వచ్చేసరికి మధ్యాహ్నం. తాళం తీస్తే మూసిన ఇంటి వాసన. పంతొమ్మిదేళ్లలో నేను వచ్చినప్పుడు ఇల్లు తాళం వేసి ఉండడం అదే మొదటిసారి. గచ్చు మీద దుమ్ము, బల్లి రెట్టలు. నేను చీపురు తీసుకున్నాను, తను కిటికీలు తెరిచింది. ఊడ్చి, తుడిచి, ఆరాక, తననే పడుకోమన్నాను. పడుకుంది. ‘నిజమే, బాగుంది’ అంది. ఇన్నేళ్లూ ఒక్కసారి కూడా అలా పడుకోలేదట.

ఒక్క బాధ. పెరట్లో తులసి ఎండిపోయింది. తను కాపురానికి వచ్చిన ఏడాది కుండీలో నాటిన తులసి అది. విత్తు రాలి మొక్క మారుతూ వచ్చినా కుండీ ఎన్నడూ బోసిపోలేదు. ఏడు రోజులే కదా అనుకున్నాము, ఎండ ఎక్కువ కాసింది. ఇద్దరమూ బయటికి వెళ్లేటప్పుడు మొక్కలు ఎలా నిలుపుకుంటున్నారు? మళ్లీ వెళ్లాలని ఉంది తనకు. ఈసారి రాయపూర్ అంటోంది.

తెనాలి డల్లాస్

బకెట్టు నిండా నీళ్లు కుండీ కంటే ఎత్తులో పెట్టు బాబూ. పాత నూలు పంచె చింపి లావుగా వత్తి పేని, తడిపి, ఒక కొస బకెట్టు అడుగుదాకా వేసి, రెండో కొస కుండీ మట్టిలో నాలుగు వేళ్ల లోతున పాతిపెట్టు. నూలుదైతే నీళ్లు బాగా పీలుస్తుంది. మట్టి మీద కొబ్బరి పీచు కప్పు. వారం పది రోజులు నిశ్చింత. అంతకు మించితే పొరుగువారికి తాళం చెవి ఇవ్వవలసిందే. నేను ఆరు నెలలు ఎదురింటి అమ్మాయికే ఇచ్చి వెళ్తాను.

ఎర్రజెండా పచ్చజెండా

కుండీని నీడలోకి జరిపి వెళ్లినా కొంత నీళ్లు మిగులుతాయి.

తనిఖీ బల్ల

అప్పుడే పీకేయకండి. ఆకులన్నీ రాలినా కాండం బతికి ఉండవచ్చు. మొదలు దగ్గర గోటితో కొంచెం గీకి చూడండి. లోపల పచ్చగా ఉంటే పైన ఎండిన కొమ్మలు కత్తిరించి రోజూ కొద్దిగా నీళ్లు పోయండి.

మీ ఆవిడకు నా నమస్కారం చెప్పండి.

తుంగభద్ర బాట

చెప్పాను. తనే వెళ్లి గీకి చూసింది. నేల నుంచి జానెడు దాకా పచ్చగానే ఉంది.