బేరింగ్ గుండ్లు వెల్డింగ్‌కి నిలవట్లేదు

ప్రశ్న: పాత సైకిల్ చెయిన్లు, బోల్టులతో గుడ్లగూబ బొమ్మ చేస్తున్నాను. కళ్ళకి పెట్టిన బేరింగ్ గుండ్లు చల్లారగానే టక్‌మని ఊడిపోతున్నాయి. వాడేది 6013 రకం వెల్డింగ్ రాడ్, మందం 2.5 ఎంఎం, కరెంటు 80 ఆంప్స్. తప్పెక్కడ?

జవాబు: ఆంప్స్‌లో తప్పు లేదండీ. గుండులో కార్బన్ సుమారు 1 శాతం. అతుకు పక్కన లోహం గబుక్కున చల్లారి గాజులా పెళుసెక్కుతుంది, అక్కడే చీలుతుంది. ఊడిన గుండు అడుగు చూడండి, చిన్న పెచ్చు లేచి ఉంటుంది. 309ఎల్ స్టెయిన్‌లెస్ రాడ్ వాడండి. గుండుని ముందు 250–300 డిగ్రీలకు వేడిచేసి, అతికాక పొడి బూడిదలో పూడ్చి మర్నాటిదాకా వదిలేయండి. నీళ్ళు మాత్రం పోయొద్దు.

మరో జవాబు: చెయిన్ లింకుల్లో నూనె మిగిలితే అతుకంతా బుడగలే. రాత్రంతా కిరోసిన్‌లో నానబెట్టి, పూర్తిగా ఆరాకే అతకండి. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్ అసలు వద్దు, ఆర్క్ (వెల్డింగ్ మంట) తగిలితే ఫాస్జీన్ విషవాయువు పుడుతుంది.

ఇంకొకటి: బోల్టులకి జింక్ పూత ఉంటే అతికే చోట అంగుళం మేర గ్రైండ్ చేయండి. జింక్ కాలి లేచే తెల్లపొగ పీలిస్తే రాత్రికి చలిజ్వరమే.