పెడల్ స్టీల్‌కు మిడి: ఇప్పుడు చేయొచ్చా, మిడి 2.0 దాకా ఆగాలా?

హన్మకొండ_తీగలు
నాది పది తీగల సింగిల్ నెక్ పెడల్ స్టీల్ (తీగల మీద ఉక్కు బార్ జరుపుతూ, పెడళ్లు, లివర్లతో తీగల శ్రుతి మార్చే గిటార్), ఈ9 ట్యూనింగ్, మూడు పెడళ్లు, నాలుగు మోకాలి లివర్లు. చర్చి పాటలకు కింద స్ట్రింగ్స్ ప్యాడ్ (వయొలిన్ల లాంటి నిలకడ సింథ్ ధ్వని) కూడా ఈ తీగల నుంచే, మిడి (స్వరాలను సందేశాలుగా పంపే పద్ధతి) ద్వారా రావాలి. బజారులో మిడి పికప్‌లు ఎక్కువగా ఆరు తీగలవే. మామూలు పికప్ నుంచి లాప్‌టాప్ సాఫ్ట్‌వేర్‌కు ఇస్తే స్వరాలు పట్టుకుంటున్నది గాని, పెడల్ తొక్కంగనే జారుడు పోయి మెట్లు మెట్లుగా వినిపిస్తున్నది. మిడి 2.0 పరికరాలు విరివిగా వచ్చేదాకా ఆగాలా?

కాజీపేట_కీస్
ఆగకు అన్నా. ముందు బెండ్ రేంజ్ (మోగుతున్న స్వరాన్ని ఎంత దాకా జార్చొచ్చో ఆ హద్దు) చూడు. చాలా సింథ్‌లలో అది అటు రెండు, ఇటు రెండు అర స్వరాలే ఉంటది. ‘ఏ’ అనే పెడల్ బి తీగను సి షార్ప్‌కు లేపితేనే ఆ రెండూ ఖర్చయిపోతయి. ఆ మీద బార్ కొంచెం జరిగినా కన్వర్టర్‌కు (నీ సాఫ్ట్‌వేర్‌కు) చోటుండదు, కొత్త నోట్ కొడతది. నువ్వు వింటున్న మెట్లు అవే.

రేంజ్ 12 పెట్టు. సాఫ్ట్‌వేర్‌లో, సింథ్‌లో రెండు చోట్లా అదే అంకె ఉండాలె. ఒకచోట 12, ఇంకోచోట 2 ఉంటే శ్రుతి ఘోరంగా తప్పుతది. క్రొమాటిక్, క్వాంటైజ్ లాంటివి (శ్రుతిని దగ్గరి అర స్వరానికి లాగేవి) ఏవున్నా ఆపెయ్. పాత మిడిలోనే బెండ్‌కు 16,384 మెట్లు ఉన్నయి. రేంజ్ 12 దగ్గర ఒక్కో మెట్టు 0.15 సెంటు (సెంటు అంటే అర స్వరంలో నూరో వంతు). చెవికి అంతకంటే సన్నగా అక్కర లేదు. మిడి 2.0 బెండ్‌ను 32 బిట్లకు పెంచింది నిజమే గాని, మన ఇబ్బంది అక్కడ లేదు, తీగ స్వరాన్ని కనిపెట్టే దగ్గర ఉన్నది.

ఇంకోటి, 2018లో ప్రమాణమైన ఎంపీఈ ఉన్న సింథ్‌నే వాడు. ఒక్కో స్వరానికి ఒక్కో చానల్ ఇస్తది. అన్నీ ఒకే చానల్‌లో పోతే ‘ఏ’ పెడల్ తొక్కినప్పుడు బి ఒక్కటే కాదు, కార్డు మొత్తం లేస్తది. ఐదు పిన్నుల పాత కేబుల్ వద్దు, యూఎస్‌బీ వాడు. ఆ కేబుల్‌లో ఒక్క బెండ్ సందేశానికే దాదాపు 1 మిల్లీసెకను. బార్ జరిపితే పది తీగలకు 10 అవుతది.

ఓరుగల్లు_స్టీల్
పై మాటలన్నీ సరైనవే. సిగ్నల్‌ను మాత్రం వాల్యూమ్ పెడల్‌కు ముందే చీల్చాలి. పెడల్ తర్వాత తీసుకుంటే కాలు కదిలినప్పుడల్లా కన్వర్టర్‌కు మీటు బలం తప్పుగా అందుతుంది, ఆరిపోతున్న స్వరం మధ్యలోనే తెగుతుంది. సింథ్ ధ్వనిని సీసీ 11 (ధ్వని హెచ్చుతగ్గుల మిడి సందేశం) పంపే వేరే ఎక్స్‌ప్రెషన్ పెడల్‌తో నడపండి. అరచేతితో తీగలు ఆపేటప్పుడు వచ్చే దొంగ స్వరాలకు గేట్‌ను (చిన్న శబ్దాలను ఆపే హద్దును) కొద్దికొద్దిగా పెంచండి. ఎక్కువ పెంచితే మెల్లగా మీటినవి పోతాయి.

ఈ9 అడుగు బి 123 హెర్ట్జ్, అంటే ఒక ఆవృత్తికే (తీగ ఒకసారి ఊగి రావడానికే) 8 మిల్లీసెకన్లు. కనిపెట్టడానికి కనీసం ఒకటి రెండు ఆవృత్తులు కావాలి. సీ6 అనే ఇంకో ట్యూనింగ్‌లో అడుగు తీగకు ఒక్క ఆవృత్తే 15 దాటుతుంది. ఈ ఆలస్యాన్ని ఏ ప్రోగ్రామూ మాయం చేయలేదు. అందుకే 80-100 మిల్లీసెకన్ల అటాక్ (ధ్వని పూర్తిగా లేవడానికి పట్టే సమయం) ఉన్న ప్యాడ్ హాయిగా కుదురుతుంది, పియానో ధ్వని కుదరదు.

జీ షార్ప్ తీగలను స్టీల్ వాళ్లు పియానో శ్రుతి కంటే తగ్గించి కడతారు. 5:4 నిష్పత్తి ఉన్న అంతర గాంధారమైతే 14 సెంట్ల దాకా తేడా. క్వాంటైజ్ ఆపకపోతే ప్యాడ్‌కూ తీగకూ మధ్య ఈ తేడా గరగరలాడుతుంది.

కరీంనగర్_సోల్డర్
అసలు భవిష్యత్తు సెన్సర్లలో ఉన్నది. ఏ తీగ ఎంత లేచిందో వాయిద్యం అడుగున పెడల్ కడ్డీ తిప్పే అడ్డ షాఫ్ట్‌కు ముందే తెలుసు, దాన్ని శబ్దంలో వెతుకుడెందుకు? ఒక్కో అడ్డ షాఫ్ట్‌కు 6 మి.మీ. నియోడిమియం అయస్కాంతం, ఎదురుగా ఎస్ఎస్49ఈ హాల్ సెన్సర్ (అయస్కాంత బలం కొలిచేది), అన్నీ ఒక టీన్సీ బోర్డుకు (చిన్న మైక్రోకంట్రోలర్‌కు). కోఠి గుజరాతీ గల్లీలో అడగండి. కాలి పెడల్‌కు పెట్టొద్దు, అక్కడ వదులు ఉంటది. అయస్కాంత బలం దూరంతో సమంగా తగ్గదు కాబట్టి ట్యూనర్ ముందు పెట్టి ఐదు చోట్ల కొలిచి పట్టిక రాయాలె. ఎనిమిది రీడింగ్‌ల సగటు తీయకపోతే సెన్సర్ వణుకంతా బెండ్ అయ్యి పోతది.

హన్మకొండ_తీగలు
మరి బార్ సంగతి? దానికీ దూరం కొలిచే లేజర్ సెన్సర్ పెట్టొచ్చా?

ఓరుగల్లు_స్టీల్
వద్దు. 24 అంగుళాల స్కేల్‌లో 12వ ఫ్రెట్ దగ్గర 1 మి.మీ. తప్పితేనే దాదాపు 6 సెంట్లు. చవక లేజర్ సెన్సర్లు అంతకంటే ఎక్కువే తప్పుతాయి. వైబ్రాటో, గమకం అన్నీ పోతాయి. బార్‌ను శబ్దం నుంచే పట్టాలి. బార్ తీగలకు అడ్డంగా, తిన్నగా ఉన్నంతసేపు తీగలన్నింటికీ జరుగుడు ఒకటే. పెడళ్లు సెన్సర్‌తో తెలిస్తే, నాలుగో తీగ లాంటి పైతీగ ఒక్కటి స్పష్టంగా మోగినా బార్ ఎక్కడుందో లెక్క తేలుతుంది. అక్కడ ఆవృత్తి 3 మిల్లీసెకన్లే. వాలుగా పట్టిన బార్‌కు ఈ లెక్క పనిచేయదు, అప్పుడు తీగకో చిన్న కాయిల్ (విడి పికప్) తప్పదు. తీగల మధ్య దూరం 9 మి.మీ. లోపే కాబట్టి పక్క తీగ శబ్దం దూరే చిక్కు అక్కడ ఉంటుంది.

కరీంనగర్_సోల్డర్
ఒప్పుకుంటున్న. అయితే అన్నా, ముందు ‘ఏ’, ‘బి’ పెడళ్లకు రెండే సెన్సర్లు పెట్టి చూడు. ‘ఏ’ పెడల్‌కు ఐదో, పదో తీగలు. ‘బి’ పెడల్‌కు మూడో, ఆరో తీగలు. అవి కుదిరినంకనే లివర్ల జోలికి పో.