అమ్మకు వీడియోలో డాక్టర్‌ని చూపిస్తున్నాం, మీరెలా చేస్తున్నారు?

ఉప్పల్ అబ్బాయి:
మా అమ్మకు 67 ఏళ్లు. షుగర్, బీపీ. ఉప్పల్ నుంచి పంజాగుట్టకు తీసుకెళ్తే సగం రోజు పోతుంది, నాకు సెలవు దొరకదు. అందుకే వీడియో కన్సల్టేషన్ మొదలుపెట్టాం. మొదటిసారి ఫోన్ నేనే పట్టుకున్నాను. డాక్టర్ ఏం అడిగినా అమ్మ "బాగానే ఉన్నానయ్యా" అంది. ఐదు నిమిషాల్లో అయిపోయింది. రెండు రోజుల తర్వాత నా భార్య చెప్పింది, అమ్మకు పది రోజులుగా మూత్రంలో మంటట. కొడుకు ఎదురుగా కూర్చుంటే ఆ మాట ఎలా చెప్తుంది? నాకు తట్టనే లేదు. చాలా బాధేసింది. ఆస్పత్రిలో అయితే నన్ను కాసేపు బయట కూర్చోమనేవాళ్లు.

నాచారం కోడలు:
మా అత్తయ్య కూడా అంతే అన్నా. ఇప్పుడు కాల్ కలిపి, ఫోన్ గోడకు ఆనించి, నేను వంటింట్లోకి వెళ్లిపోతాను. మందుల మాట రాగానే ఆమే పిలుస్తుంది. వారం షుగర్ రీడింగులు కాగితం మీద రాసి ముందే పెడతాను. మాకు ఇంకో ఇబ్బంది భాష. ఒకసారి దొరికిన డాక్టర్‌కి తెలుగు రాదు. అత్తయ్య "కాళ్లు తిమ్మిరెక్కి సూదులు గుచ్చినట్టుంది" అంటే, నేను హిందీలో చెప్పేసరికి అది ఒట్టి కాళ్లనొప్పి అయింది. ఇప్పుడు బుక్ చేసే ముందే భాష చూసుకుంటాను.

మౌలాలి:
మా మామయ్య పాదం మీద పుండు వీడియోలో చిన్నగా కనిపించింది. చేత్తో నొక్కి చూసే మనిషి లేడు. షుగర్ వల్ల ఆయనకూ నొప్పి తెలియలేదు. నేరుగా చూపించేసరికి లోపల చీము పట్టింది. పుండు ఉంటే దయచేసి ఫోన్ మీద ఆధారపడకండి.

ఉప్పల్ అబ్బాయి:
పుండ్లేమీ లేవు, అయినా ఇవాళే పాదాలు చూస్తాను. ఇంకొకటి, పీడీఎఫ్ చీటీ చూపిస్తే మెడికల్ షాపులో మందులివ్వనన్నారు.

మందుల షాపులో పని:
2020 మార్చి 25న కేంద్రం ఇచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం ఫోన్‌లో పంపిన చీటీ చెల్లుతుంది. దాని మీద డాక్టర్ రిజిస్ట్రేషన్ నంబర్, తేదీ, రోగి పేరు, వయసు ఉన్నాయో చూడండి. నంబర్ లేకపోతే మాకే భయం. కొన్ని మందులు మొదటిసారి రాయాలంటే వీడియోలో చూసే రాయాలి, ఆడియో కాల్ సరిపోదు. షెడ్యూల్ ఎక్స్ మందులు, అంటే చట్టం గట్టి ఆంక్షలు పెట్టినవి, ఇలా అసలు రాయకూడదు.

చిత్తూరు నుంచి వచ్చి:
మా జిల్లా అరగొండలో అపోలో వాళ్లు 2000లోనే టెలిమెడిసిన్ పెట్టారు. అది ఊళ్లోని ఆస్పత్రి. రోగి పక్కన బీపీ చూసేవాళ్లు, పొట్ట నొక్కి చూసేవాళ్లు ఉంటారు, దూరం నుంచి స్పెషలిస్టు మాట్లాడతాడు. ఇప్పుడు ప్రభుత్వం నడిపే టెలిమెడిసిన్ సేవ ఈ-సంజీవనిలో కూడా రెండు దారులున్నాయి: ఇంటి నుంచి మనమే కలవొచ్చు, లేదా ఆరోగ్య కేంద్రం సిబ్బంది దగ్గరుండి డాక్టర్‌తో మాట్లాడిస్తారు. డబ్బు కట్టక్కర్లేదు. పెద్దవాళ్లకు రెండోదే నయమని నా నమ్మకం. పక్కన నర్సమ్మ ఉంటే ధైర్యంగా చెప్పుకుంటారు.

ఉప్పల్ అబ్బాయి:
నిన్న నాచారం అక్క చెప్పినట్టే ఫోన్ గోడకు ఆనించి బయటికొచ్చాను. అమ్మ 14 నిమిషాలు మాట్లాడింది. ఏం చెప్పిందో నేను అడగలేదు. యూరిన్ పరీక్ష రాశారు, రేపు పొద్దున శాంపిల్ ఇస్తున్నాం.