3/4 లోనూ 6/8 లోనూ ఆరు క్వేవర్లే కదా, మరి తేడా ఎక్కడుంది?

ప్రశ్న (ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం)

అందరికీ నమస్కారం. నేను చిన్నతనంలో కొన్నేళ్లు కర్ణాటక పద్ధతిలో వయొలిన్ నేర్చుకున్నాను. ఇప్పుడు మా అమ్మాయి పియానో గ్రేడ్ పరీక్షకు తయారవుతోంది కనుక, సాయంత్రం పూట తన థియరీ పుస్తకం తీసుకుని ఇద్దరం కలిసి కూర్చుంటున్నాం. అందులో ఒక్కచోట మాత్రం ముడి విడటం లేదు. 3/4 అంటే బార్‌కు (మన ఆవర్తం వంటి ఒక్కో గడికి) మూడు క్రాచెట్లు, అనగా క్రాచెట్‌లో సగం నిడివి గల క్వేవర్లు ఆరు. 6/8 అన్నా ఆరు క్వేవర్లే. లెక్క ఒకటే అయినప్పుడు రెండు టైమ్ సిగ్నేచర్లు (పాట మొదట రాసే ఈ అంకెల గుర్తులు) ఎందుకు కావలసి వచ్చాయి? "అది అంతే, గుర్తుపెట్టుకో" అని అమ్మాయితో అనడానికి నాకు మనసు ఒప్పడం లేదు. రిథమ్, మీటర్ అనే మాటలను కూడా పుస్తకం వేరువేరుగా వాడుతోంది. మీటర్ అంటే మన తాళమే అనుకోవచ్చా? తెలిసినవారు దయచేసి వివరించగలరు.

జవాబు 1 (పియానో, థియరీ బోధకురాలు, సిరిపురం)

మీరు తాళం వేస్తూ నేర్చుకున్నవారు కనుక పుస్తకం మూసి, ముందు నోటితో చెప్పి చూడండి. "తకిట తకిట" అంటే ఆరు అక్షరాలు. "తక తక తక" అన్నా ఆరు అక్షరాలే. రెండింటినీ ఒకే వేగంతో, ప్రతి ముక్క మొదటి అక్షరం దగ్గర చేత్తో తట్టుతూ చెప్పండి. మొదటిదానికి చేయి రెండుసార్లు పడుతుంది, రెండవదానికి మూడుసార్లు పడుతుంది. 6/8 మొదటిది, 3/4 రెండవది. మీరు చూస్తున్నది మొత్తాన్ని, టైమ్ సిగ్నేచర్ చెప్పదలచుకున్నది ఆ మొత్తం ఎలా విరుగుతుందన్నది. దానిని భిన్నంగా చదవడం మానేస్తే సగం చిక్కు తీరుతుంది.

మిగిలిన సగం చిక్కుకు కారణం రాతలో ఉంది. 2/4, 3/4, 4/4 వంటి సింపుల్ మీటర్లలో కింది అంకె బీట్‌కు, అంటే చేయి పడే ఒక్కో దెబ్బకు, ఏ నోటో చెబుతుంది, పై అంకె బీట్లెన్నో చెబుతుంది. 6/8, 9/8, 12/8 వంటి కాంపౌండ్ మీటర్లలో బీట్ డాటెడ్ క్రాచెట్, అంటే మూడు క్వేవర్ల నిడివి. దానిని సూచించే పూర్ణాంకం ఏదీ లేకపోవడం వలన, బీట్‌ను వదిలి అందులోని క్వేవర్లను లెక్కపెట్టి రాస్తారు. అందుకే 6/8 చూడగానే ఆరు బీట్లని పిల్లలు పొరబడతారు, ఆ పొరపాటు వారిది కాదని నా అభిప్రాయం. మెట్రోనోమ్‌తో (నిమిషానికి ఇన్ని దెబ్బలని పెడితే అలా టిక్కుమనే పరికరంతో) పరీక్షించండి. నిమిషానికి 180 క్వేవర్లు నడుస్తున్నాయనుకుంటే 3/4 కు మెట్రోనోమ్‌ను 90 దగ్గర, 6/8 కు 60 దగ్గర పెట్టవలసి ఉంటుంది. క్వేవర్ వేగం ఒకటే, బీట్ మాత్రం వేరు. 6/8 లో క్వేవర్ల తోకలను మూడేసి చొప్పున కలపడం కూడా ఆ విరుపు కంటికి కనబడాలనే.

ఇక రిథమ్, మీటర్ల విషయం. గురజాడ వాడిన ముత్యాల సరాన్ని గుర్తు చేసుకోండి. పాదానికి 14 మాత్రలు, నడక మూడు, నాలుగు, మూడు, నాలుగు. ఆ మూడు మాత్రల చోట మూడు లఘువులు ఉండవచ్చు, ఒక గురువూ ఒక లఘువూ ఉండవచ్చు, నడక చెదరదు. మారని ఆ నడక మీటర్ వంటిది, లోపల పాదం పాదానికీ మారే గురులఘువుల కూర్పు రిథమ్ వంటిది.

జవాబు 2 (మృదంగం, గాజువాక)

పై వివరణ చాలా బాగుంది, అయితే "మీటర్ అంటే తాళమేనా" అన్న ప్రశ్న మిగిలిపోయింది. నా మటుకు కాదనే అంటాను. 6/8 ను రెండు దెబ్బల తిశ్ర నడక (దెబ్బకు మూడేసి అక్షరాల నడక) అనుకుంటే అమ్మాయికి చెప్పడానికి పనికివస్తుంది, కానీ అక్కడితో ఆగడం మంచిది.

ఆది తాళంలో నాలుగు అక్షరాల లఘువు (పద్యంలోని లఘువు కాదు, తాళంలో ఒక భాగం), రెండేసి అక్షరాల ద్రుతాలు రెండు, మొత్తం ఎనిమిది. ఘాత (దెబ్బ) ఎక్కడ, విసర్జితం (చేయి తిప్పడం) ఎక్కడ అన్నది చేయి చూపిస్తుంది. అయితే ఘాత పడిన చోట పాట గట్టిగా పలకాలన్న నియమం లేదు. చేయి తన లెక్కన తాను సాగుతుంటే, పాట సమం (ఆవర్తం మొదలయ్యే చోటు) దాటి అర అక్షరానికో ఒకటిన్నరకో ఎత్తుకుంటుంది, మృదంగం మరోదారిన వెళ్లి మళ్లీ సమానికి చేరుకుంటుంది. వెస్టర్న్ మీటర్‌లో అలా బయట నిలబడి లెక్క చూపే చేయి శ్రోతకు ఉండదు. 4/4 లో మొదటి బీట్ బలమైనది, మూడవది అంతకు కొంచెం తక్కువ, రెండూ నాలుగూ బలహీనమైనవి అన్న తరతమభేదాన్ని వినేవాడు సంగీతం లోపలినుంచే పట్టుకోవాలి. బేస్ స్వరం ఎక్కడ పడుతోంది, కార్డ్ (కలిపి పలికే స్వరాల గుంపు) ఎక్కడ మారుతోంది, పొడవైన స్వరం ఎక్కడ నిలుస్తోంది అన్నవే అతనికి ఆధారాలు. ఆ భేదం చెవిలో స్థిరపడిన తరువాతే, బలహీనమైన చోట ఊనిక వేసే సింకొపేషన్‌కు అందం వస్తుంది.

జవాబు 3 (నౌకాదళ బ్యాండులో క్లారినెట్ వాయించి పదవీ విరమణ చేసినవారు)

నాకు థియరీ కన్నా కవాతు ఎక్కువ తెలుసు, ఆ అనుభవంతో ఒక మాట చెబుతాను. మనిషికి రెండే కాళ్లు కనుక కవాతు సంగీతం రెండుగా నడవాలి. అయినా అమెరికన్ స్వరకర్త సూసా 1889 లో కూర్చిన వాషింగ్టన్ పోస్ట్ మార్చ్ 6/8 లో ఉంది. అందులో ఎడమ పాదానికి మూడు క్వేవర్లు, కుడి పాదానికి మూడు క్వేవర్లు వస్తాయి. 6/8 నిజంగా ఆరు బీట్లయితే దానికి అడుగు వేయడం ఎవరి తరమూ కాదు. 3/4 కు కవాతు చేయబోతే మొదటి బార్ ఎడమ కాలితో, తరువాతి బార్ కుడి కాలితో మొదలవుతుంది. అమ్మాయిని ఒక ఉదయం ఆర్కే బీచ్ రోడ్డు మీద, వాహనాలు లేని వేళ, రెండింటికీ నడిపించి చూడండి.

ప్రశ్న అడిగినవారు

మీ ముగ్గురికీ కృతజ్ఞతలు. బీచ్ దాకా వెళ్లకుండా ఇంటి డాబా మీదే నడిచి చూశాం. 3/4 కు నడుస్తున్నప్పుడు బార్ మొదలయ్యే కాలు మారిపోవడం అమ్మాయి తానే గమనించింది. ఇప్పుడు తను నన్ను అడుగుతున్నది మరొకటి: 4/4 కు బదులు రాసే "సి" గుర్తు "కామన్" అనే మాటకు మొదటి అక్షరమేనా?

జవాబు 1 (సిరిపురం)

చాలామంది అలాగే చెబుతారు, కానీ అది అక్షరం కాదు, తెగిన వృత్తం. 14వ శతాబ్దపు ఐరోపా సంగీత లిపిలో మూడుగా విరిగే కాలానికి నిండు వృత్తం, రెండుగా విరిగే కాలానికి తెగిన వృత్తం గుర్తులుగా ఉండేవి. మూడు అనే సంఖ్యను క్రైస్తవ త్రిత్వంతో ముడిపెట్టి పరిపూర్ణమని భావించడం వలన దానికి నిండు వృత్తం దక్కింది. నిండు వృత్తం వాడుకలోంచి పోయి, తెగినది మాత్రం మిగిలింది.

పాప ఇంతదూరం వచ్చింది కనుక, 1957 నాటి వెస్ట్ సైడ్ స్టోరీ సంగీత నాటకంలో బెర్న్‌స్టీన్ కూర్చిన "అమెరికా" పాటను వినిపించండి. అందులో ఒక బార్ 6/8, తరువాతి బార్ 3/4 గా మారుతూ సాగుతాయి. క్వేవర్ వేగం మారదు. మొదటి వినికిడికి చేత్తో ఏమీ వేయనివ్వకండి, రెండోసారి "తకిట తకిట, తక తక తక" అంటూ పాటతో పాటు చెప్పమనండి.