అప్‌డేట్: ఒక ట్యూబ్ తీసేశాక గర్భం వస్తుందా అని అడిగాను కదా

ఎడమ ఫాలోపియన్ ట్యూబ్‌లో (అండం గర్భసంచికి చేరే నాళంలో) గర్భం నిలిస్తే లాప్రోస్కోపీలో (చిన్న కోతలతో చేసే ఆపరేషన్‌లో) ఆ ట్యూబ్ మొత్తం తీసేశారు, ఇక ఐవీఎఫ్ ఒక్కటే దారా అని అప్పుడు ఏడుస్తూ అడిగాను. ఇప్పుడు నాకు ఏడో వారం! మామూలుగానే వచ్చింది, గర్భసంచిలోనే ఉంది, స్కాన్‌లో గుండె కొట్టుకోవడం చూశాం.

ఎడమ అండాశయం నుంచి వచ్చిన అండాన్ని కూడా కుడి ట్యూబ్ అందుకోగలదని డాక్టరమ్మ చెప్పేదాకా నాకు తెలియదు. 2014లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనంలో, రెండో ట్యూబ్ బాగున్నవాళ్లలో ట్యూబ్ తీసేసినా మూడేళ్లలో సుమారు 56 శాతం మందికి సహజంగానే గర్భం నిలిచింది, గర్భాన్ని మాత్రమే తీసి ట్యూబ్ ఉంచినవాళ్లలో 61, అంటే పెద్ద తేడా లేదు.

కానీ మళ్లీ ఎక్టోపిక్ (గర్భసంచి బయట గర్భం నిలవడం) వచ్చే ప్రమాదం మనలాంటివాళ్లకు ఎక్కువే, కాబట్టి టెస్ట్ పాజిటివ్ రాగానే డాక్టర్‌కి చెప్పి తొందరగా స్కాన్ చేయించుకోండి, ఒకవైపు కడుపునొప్పి, బ్లీడింగ్, భుజం నొప్పి, కళ్లు తిరగడం ఉంటే తెల్లారేదాకా ఆగకండి, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.