హాంగ్‌జౌలో జ్యోతిని పరిగెత్తనిచ్చారు, మా అమ్మాయిని ఎందుకు ఆపారు?

హర్డిల్స్ అమ్మ

అందరికీ నమస్కారం. మా అమ్మాయి వంద మీటర్ల హర్డిల్స్ చేస్తుంది. మొన్న ఒక మీట్ ఫైనల్లో 'సెట్' అన్నాక, తుపాకి పేలకముందే పక్క లేన్ అమ్మాయి ముందుకు దూకేసింది. ఆ కదలికకి మా పిల్ల చేతులు కూడా నేల మీంచి లేచాయి. వెంటనే ఆపేసి ఇద్దరికీ రెడ్ కార్డు చూపించారు. మా అమ్మాయి ఏడుస్తూ బయటికి వచ్చేసింది. కోచ్‌ని అడిగితే 'రూల్ అంతేనండి' అన్నారు.

తర్వాత ఇద్దరం కూర్చుని హాంగ్‌జౌ ఆసియా క్రీడల ఫైనల్ వీడియో చూశాం, 2023 అక్టోబర్ 1న జరిగినది. అక్కడా ఇదే కథ. చైనా అమ్మాయి వు యాన్ని ముందు లేచింది, పక్క లేన్‌లో ఉన్న మన జ్యోతి యర్రాజీ ఆమె వెంటే లేచింది. మొదట ఇద్దరినీ వెళ్లిపొమ్మన్నారు. కాసేపటికి ఇద్దరినీ మళ్లీ బ్లాకుల దగ్గరికి, అంటే స్టార్ట్‌లో కాళ్లు ఆనించే దిమ్మెల దగ్గరికి, రానిచ్చారు. చివరికి జ్యోతికి రజతం వచ్చింది. 'అమ్మా, ఆమెకున్న రూల్ నాకెందుకు లేదు?' అని మా అమ్మాయి అడుగుతోంది. స్టార్ట్ సంగతులు తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి. దానికి అర్థమయ్యేలా చెప్పాలి నేను.

రెండో తుపాకి

అమ్మా, నేను పోటీల్లో రీకాలర్‌గా నిలబడుతుంటాను. స్టార్ట్ తప్పిందనిపిస్తే రెండోసారి పేల్చి అందరినీ వెనక్కి పిలిచే పని నాది. మీ అమ్మాయి చాలా సరైన ప్రశ్న అడిగింది.

జవాబు వరల్డ్ అథ్లెటిక్స్ రూల్ పుస్తకంలోనే ఉంది. ఒకరు ముందే లేస్తే పక్కవాళ్లూ లేవడం మామూలే, కచ్చితంగా చూస్తే వాళ్లదీ ఫాల్స్ స్టార్టే (తుపాకికి ముందే కదలడం), అయినా తుపాకి పేల్చే స్టార్టర్ దృష్టిలో ఎవరివల్ల అలా జరిగిందో వాళ్ల మీదే చర్య తీసుకోవాలి అని అందులో ఉంది. అంచేత మీ కోచ్ చెప్పింది సగం రూలే. మీ అమ్మాయి పక్కమ్మాయిని చూసే లేచిందని స్టార్టర్‌కి నమ్మకం కలిగి ఉంటే, ఆమెని రేసులో ఉంచాల్సింది.

ఆ నమ్మకం కలగడమే కష్టం. ఎనిమిది మందిని ఒకేసారి చూస్తుంటాం. ఇద్దరు దాదాపు ఒకేసారి లేస్తే ఎవరు ముందో కంటితో తేల్చడం చాలాసార్లు కుదరదు. పెద్ద పోటీల్లో బ్లాకులకి సెన్సార్లు ఉంటాయి. తుపాకి పేలాక 0.100 సెకను లోపల కాలు బ్లాకుని నెడితే స్టార్టర్ చెవిలో ఉన్న హెడ్‌ఫోన్‌లో శబ్దం వస్తుంది. శబ్దం విని కాలు కదపడానికి మనిషికి కనీసం అంత సమయం పడుతుందని ఆ హద్దు పెట్టారు. ప్రతి లేన్ వెనకా ఒక స్పీకర్ కూడా ఉంటుంది. అది లేకపోతే, ఒకటో లేన్ వైపు తుపాకి పేలితే ఎనిమిదో లేన్‌కి ఆ శబ్దం సెకనులో నలభయ్యో వంతు ఆలస్యంగా చేరుతుంది. వందోవంతులో పతకాలు మారే ఆటలో అది చాలా ఎక్కువ. చిన్న మీట్లలో ఇవేవీ ఉండవు. అంతా మా కళ్ల మీదే.

ఇక హాంగ్‌జౌ. నాకు ఆ వీడియోలో అన్నిటికన్నా నచ్చింది జ్యోతి కదలకుండా నిలబడటం. తను ముందు లేవలేదని అధికారులకి అక్కడే గట్టిగా చెప్పింది. వాళ్లు రీప్లే చూశారు. ఆఖరికి ఇద్దరినీ 'అండర్ ప్రొటెస్ట్' పరిగెత్తనిచ్చారు, అంటే ముందు పరుగు, తీర్పు తర్వాత. చైనాకే చెందిన లిన్ యువెయ్ 12.74 సెకన్లతో గెలిచింది, వు రెండో స్థానంలో, జ్యోతి 12.91తో మూడో స్థానంలో వచ్చారు. ఆ తర్వాత వు ఫలితం రద్దు చేశారు. జ్యోతి కాంస్యం రజతమైంది, నాలుగో స్థానంలో ఉన్న జపాన్ అమ్మాయి తనకా యుమికి కాంస్యం దక్కింది. రెడ్ కార్డు చూడగానే జ్యోతి బ్యాగు సర్దుకుని వెళ్లిపోయి ఉంటే ఏ రీప్లే కూడా ఆమెని కాపాడేది కాదు.

మాజీ నాలుగొందలు

నేను 400 హర్డిల్స్ పరిగెత్తేదాన్ని. పాప ఎందుకు లేచిందో నాకు బాగా తెలుసు. 'సెట్' అనగానే నడుము పైకెత్తి బరువంతా వేలికొసల మీదికి తెస్తాం, గోళ్లు తెల్లబడేంతగా. తల దించే ఉంటుంది గానీ పక్క లేన్‌లో చెయ్యి కదిలితే కంటి మూలలో తెలిసిపోతుంది. శరీరం ఆగదు.

అలాగని హర్డిల్స్‌లో స్టార్ట్ నెమ్మదిగా తీసుకోవడమూ కుదరదు. వంద మీటర్ల హర్డిల్స్‌లో మొదటి హర్డిల్ 13 మీటర్ల దగ్గర ఉంటుంది. ఎక్కువమంది ఎనిమిది అంగల్లో అక్కడికి చేరాలి. అక్కడ్నుంచి హర్డిల్‌కీ హర్డిల్‌కీ మధ్య 8.5 మీటర్లు, మూడే అంగలు. మొదటి అడుగు భయంభయంగా పడితే ఆ లోటు పదో హర్డిల్ దాకా వెంటాడుతుంది.

మా తరానికి ఈ మాట వస్తే 1984 లాస్ ఏంజెలెస్ గుర్తొస్తుంది. 400 హర్డిల్స్ ఫైనల్లో మొదటి స్టార్ట్ వేరే అమ్మాయి వల్ల రద్దయింది. రెండోసారి పి.టి. ఉష కాస్త ఆలస్యంగా లేచారంటారు. ఆవిడ టైము 55.42, కాంస్యం గెలిచిన రుమేనియా అమ్మాయిది 55.41. ఆ వందోవంతు తలుచుకుంటే నాకిప్పటికీ కడుపు తరుక్కుపోతుంది. అప్పట్లో ఒక్కొక్కరికీ ఒక తప్పు మాఫీ. 2003 నుంచి మొత్తం రేసుకి ఒకటే మాఫీ అన్నారు, 2010 నుంచి అదీ తీసేశారు. ఇప్పుడు ఒక్కసారి లేస్తే ఇంటికే. 2018 జకార్తాలో హిమ దాస్ 200 సెమీస్‌లో అలాగే బయటికి వెళ్లింది. అప్పటికే ఆమె 400లో రజతం గెలిచి ఉంది. రెండు రోజుల్లోనే వచ్చి 4x400 రిలేలో స్వర్ణం తెచ్చింది. పాపకి ఇది చెప్పండి.

స్టాప్‌వాచ్

రెండో తుపాకి గారూ, ఒక మాట. వుని అసలు పరిగెత్తనివ్వడమే తప్పని నా గట్టి అభిప్రాయం. రీప్లేలో అంత స్పష్టంగా కనిపిస్తుంటే మళ్లీ బ్లాకుల్లోకి ఎలా రానిచ్చారు? అప్పుడే తేల్చేసి ఉంటే మిగతా అమ్మాయిలు ఆ గందరగోళంలో అంతసేపు చల్లబడిపోయేవాళ్లు కాదు.

ఇంకోటి. 0.100 హద్దు ఆడవాళ్లకి సరిపోతుందా అన్న ప్రశ్న కూడా ఉంది. బ్లాకు మీద పడే బలం ఒక స్థాయి దాటితేనే సెన్సార్ దాన్ని కదలికగా లెక్కేస్తుంది. ఆ స్థాయి మగవాళ్లకీ ఆడవాళ్లకీ ఒకటే అయితే, ఆడవాళ్లు దాన్ని చేరేసరికి ఇంకొంచెం సమయం గడుస్తుంది. 2008 బీజింగ్ ఒలింపిక్స్ రియాక్షన్ టైములు పరిశీలించిన పరిశోధకులు ఎత్తి చూపింది ఇదే. అంటే ఆడవాళ్ల రేసులో తొందరపడిన అమ్మాయి మెషిన్‌కి దొరక్కుండా తప్పించుకునే అవకాశం ఎక్కువ. ఆ నష్టం నిజాయతీగా ఆగిన అమ్మాయిలది.

రెండో తుపాకి

వు విషయంలో మీతో ఏకీభవిస్తాను. రిఫరీకి అనుమానం ఉంటేనే 'అండర్ ప్రొటెస్ట్' ఇవ్వాలి. అక్కడ అనుమానానికి పెద్దగా చోటు కనిపించదు.

హర్డిల్స్ అమ్మ

అందరికీ ధన్యవాదాలు. మీ జవాబులన్నీ దానికి చదివి వినిపించాను. హిమ దాస్ సంగతి రెండుసార్లు చదివించుకుంది. మరి మళ్లీ ఇలా జరిగితే అది అక్కడ ఎవరితో, ఏమని చెప్పాలి? అరిచి గొడవ చేసే పిల్ల కాదు.

రెండో తుపాకి

అరవక్కర్లేదమ్మా. కార్డు చూపించిన వెంటనే, ట్రాక్ దిగకముందే, చెయ్యెత్తి స్టార్ట్ రిఫరీని పిలవాలి. స్టార్టర్‌తో వాదన వద్దు, నిర్ణయం రిఫరీది. 'పక్క లేన్ ముందు కదిలింది, అది చూసి నేను లేచాను, ప్రొటెస్ట్ చేస్తున్నాను' అంటే చాలు. నోటిమాటే సరిపోతుంది, కాగితం అక్కర్లేదు. సెన్సార్ బ్లాకులు ఉండి అవి ఆమెదే ఫాల్స్ స్టార్ట్ అని చూపిస్తే మాత్రం, ఆ రీడింగ్ తప్పని రిఫరీకి స్పష్టంగా అనిపిస్తే తప్ప పరిగెత్తనివ్వరు. సెన్సార్లు లేని మీట్‌లో అయితే అనుమానం ఉన్నప్పుడు పరిగెత్తనిచ్చే అధికారం రిఫరీకి ఉంది. ప్రొటెస్ట్ చేసేటప్పుడు అనాల్సిన ఆ మాట కోచ్‌కి కూడా చెప్పి ఉంచండి. ప్రాక్టీసులో పక్కన ఒకరిని కావాలనే ముందు కదలమని, మీ అమ్మాయిని 'సెట్'లో ఆగడం అలవాటు చేయించమని కూడా అడగండి.